లేదమ్మ అరచెయ్యి

మిల్లు డాక్టరు ఆమెను గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. కుడిచెయ్యి పక్కకు చాపించి బల్ల మీద పెట్టించాడు. భోజనాల వేళ కావడంతో విశ్రాంతి గది గుమ్మంలో సూపర్‌వైజరూ, చెకింగు సెక్షన్ ఆడవాళ్ళు కొందరూ నిలబడి ఉన్నారు. తలుపు వేయమని ఎవరూ అనలేదు. డాక్టరు గుండుసూదితో వేళ్ళ కొసల్లో పొడిచాడు. అరచేతి మధ్యలో పొడిచాడు. ఆమె కదల్లేదు. ఇంకాస్త దించాడు. రక్తం బొట్టు పైకి వచ్చి నిలబడింది. ఆమె గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటే చూస్తూ కూర్చుంది. సూది మణికట్టు దాటి ముంజేతి మీదకు రాగానే మాత్రం ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది.

డాక్టరు పెన్నుతో ఆమె మణికట్టు చుట్టూ ఒక గీత గీశాడు. గీతకు పైన స్పర్శ ఉంది, కింద లేదు.

"నరాలు ఇలా వాచీ పెట్టుకునే చోట ఆగవమ్మా. చేతి పొడవునా చారల్లా దిగుతాయి. తొడుగు వేసుకున్నట్టు మొద్దుబారే జబ్బు నేను చదివిన పుస్తకాల్లో లేదు" అన్నాడు. మాట ఆమెతో, చూపు సూపర్‌వైజరు మీద.

తర్వాత కళ్ళు మూసుకోమన్నాడు. తాకినప్పుడు తెలిస్తే 'ఉంది' అనాలి, తెలియకపోతే 'లేదు' అనాలి, అంతే. భుజం తాకాడు. "ఉంది" అంది. మోచెయ్యి. "ఉంది." అరచెయ్యి. "లేదు." బొటనవేలు. "లేదు." కాసేపు ఎక్కడా తాకకుండా ఊరుకున్నాడు. ఆమె కూడా ఊరుకుంది. మళ్ళీ అరచెయ్యి తాకాడు. "లేదు" అంది. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. తాకినట్టే తెలియనప్పుడు, సరిగ్గా తాకినప్పుడల్లా లేదని ఎలా అంటోందమ్మా ఈవిడ, అని సూపర్‌వైజరు పైకే అనేశాడు. ఆ పూట షిఫ్టు దిగేసరికి ఆమెకు కొత్త పేరు వచ్చింది. లేదమ్మ.

ఆ పేరు ఇంటికి ఆమెకంటే ముందు చేరింది. తమ్ముడు పనిచేసే లేత్ షాపు మిల్లు వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. టీ బంకు దగ్గర ఎవరో అతన్ని ఆపి, మీ అక్క భలే యాక్టింగు చేసిందటగా అని అడిగారు. అతను గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక అక్క అన్నం వడ్డించింది, ఎడంచేత్తో. జరిగింది అడిగాడు. చెప్పింది. వేరే వాళ్ళకు జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. పచ్చడి వేసుకుంటావా అని మధ్యలో ఒకసారి అడిగింది.

ఆ మిల్లులో చెకింగు అంటే ఏమిటో తెలియకపోతే ఇదంతా అర్థం కాదు. మగ్గాల మీంచి దిగిన బట్ట తాను ఏటవాలు అద్దం బల్ల మీదుగా నెమ్మదిగా జారుతూ ఉంటుంది. అద్దం కింద ట్యూబులైట్లు. కళ్ళతో చూడొచ్చు, కొత్తవాళ్ళు అలాగే చూస్తారు. పాతవాళ్ళు చేత్తో చూస్తారు. అరచెయ్యి బట్ట మీద ఆనించి ఉంచితే తెగిన పోగు, ముడి, పేక వదులైన చోటు చేతికే తగులుతాయి. కళ్ళు పక్కబల్ల వాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. ఆ సెక్షన్లో ఒక అలవాటు ఉంది. షిఫ్టు ఎక్కగానే ప్రతి ఒక్కరూ అరచెయ్యి తమ చెంపకు ఒకసారి ఆనించి చూసుకుంటారు. చలిగా ఉందా, చెమటగా ఉందా, పనికి వస్తుందా అని. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. బయటివాళ్ళు చూస్తే అందరికీ ఒకేసారి పన్ను నొప్పి వచ్చిందనుకుంటారు.

అక్క చెయ్యి ఆ సెక్షన్‌కంతా పెద్ద చెయ్యి. అందరూ సరేనన్న తాను మీద కూడా ఆమె అరచెయ్యి ఆగేది. వెనక్కి తిప్పి చూస్తే నిజంగానే అక్కడ లోపం ఉండేది. ఎదురుబల్ల మీద పనిచేసే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ, నోరు కాస్త పెద్దది, "నీ మొహం చూసి కాకపోయినా నీ చెయ్యి చూసి చేసుకునేవాడు దొరికేవాడు, తొందరపడ్డావు" అనేది. అక్క మొగుడు పెళ్ళయిన కొత్తలోనే తన దారి తాను చూసుకున్నాడు. ఆ సంగతి మీద జోకు వేసే హక్కు వదినకు ఒక్కదానికే ఉండేది.

ఇంట్లో ఆ చేతికి మర్యాదలు వేరే. గిన్నెలు తోమకూడదు, బట్టలు పిండకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. రాత్రి పడుకునే ముందు వెన్న రాసుకుని పాత మేజోడు తొడుక్కునేది. ఆ పనులన్నీ అమ్మ చేసేది. "ఇంట్లో కలెక్టరుగారి చెయ్యి ఒకటి ఉందిరా, దానికి పనులు చెప్పకూడదు, మనిద్దరం చేసుకుందాం రా" అని తమ్ముడితో అనేది. ఆ మాటలో వెటకారం ఉండేది, గర్వం అంతకంటే ఎక్కువ ఉండేది.

అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అక్క పగలు మిల్లుకు వెళ్ళి, అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళేది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని అమ్మ చెయ్యి తన కుడిచేతిలో పెట్టుకునేది. ఒక సాయంత్రం నర్సు వచ్చి, అమ్మా కాస్త లేస్తారా అంది. ఎందుకని అక్క అడిగింది. ఆవిడ పోయి చాలాసేపయిందమ్మా, అంది నర్సు. అమ్మ చెయ్యి అప్పటికీ అక్క చేతిలోనే ఉంది.

ఏడవలేదు. కావలసిన పనులన్నీ ఆమే చూసుకుంది. తర్వాత మిల్లుకు వెళ్ళింది. కొన్నాళ్ళు మామూలుగానే గడిచింది. ఒకరోజు షిఫ్టు ఎక్కి అందరిలాగే అరచెయ్యి చెంపకు ఆనించుకుంది. చెంపకు చెయ్యి తెలిసింది. చేతికి చెంప తెలియలేదు. రెండోసారి ఆనించి చూసింది. పక్కనున్న వాళ్ళు పన్ను నొప్పా అని అడిగారు, నిజంగానే.

బయట ఆసుపత్రిలో కరెంటు పెట్టి నరాలు పరీక్ష చేశారు. తీగలు అంటించి, చుక్కలు పెట్టి, తెర మీద గీతలు చూసి, చెయ్యి దివ్యంగా ఉంది అన్నారు. ఆ దివ్యంగా అన్న మాట దగ్గరే మిల్లు పట్టుకుంది. ఆమెను చెకింగు నుంచి తీసి ప్యాకింగులో వేశారు. అట్టపెట్టెలకు టేపు అతికించడం. ఆ తర్వాతే మిల్లు డాక్టరు గుండుసూదులు.

చివరికి సంగతి ఇలా తేలింది. వర్షాలు మొదలయ్యాక పెద్ద కమిటీ కూర్చుంటుంది. జబ్బు నిజమని వాళ్ళు అంటే గేటు దగ్గర కూర్చునే పని ఏదో ఇచ్చి రిటైరయ్యేదాకా ఉంచుతారు. అబద్ధమంటే మోసం కింద తీసేస్తారు. యూనియన్ మనిషికి మిల్లంతా పెట్టిన పేరు మైకు. గొంతు తగ్గించడం ఆయనకు చేతకాదు. ఆయన ఇంటికి వచ్చి, వీధికంతా వినపడేలా రహస్యం చెప్పాడు. "చూడు చెల్లెమ్మా, ఈలోగా చెయ్యి బాగుపడిందనుకో, ఇన్నాళ్ళూ నటించినట్టే లెక్క. కాబట్టి కమిటీ అయ్యేదాకా దాన్ని కాస్త ఓపిక పట్టమను." చెప్పి తనే నవ్వాడు. అక్క కూడా నవ్వింది. తమ్ముడికి ఒళ్ళు మండింది గాని ఎవరి మీద మండాలో తెలియలేదు.

అతనికి చదువు లేత్ షాపు దాకానే వచ్చింది. తర్వాతదంతా పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొని చదువుకున్నదే. మనసుకూ ఒంటికీ ఉన్న సంబంధం మీద ఒక అట్ట లేని పుస్తకం దొరికింది. రెండుసార్లు చదివాడు. అందులో దొరికిన సాక్ష్యంతో అక్కను పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాడు. అక్కడ ఒకావిడ ఉంది, మందులివ్వదు, సూదులు వేయదు, మాట్లాడుతుంది. వార్డుబాయ్‌లు ఆవిడను మాటల డాక్టరమ్మ అంటారు. బెంచీ మీద కూర్చున్నంతసేపూ అక్క ఒక్క మాటే అడిగింది, "నేను పిచ్చిదాన్నని నువ్వు కూడా అనుకుంటున్నావురా" అని. అది ప్రశ్నో కాదో తమ్ముడికి అర్థం కాలేదు.

మాటల డాక్టరమ్మ గది మెట్ల కింద ఉంది. పైనుంచి ఎవరు దిగుతున్నా మాట ఆగిపోయేది. ఆవిడ అక్క చెయ్యి తాకకముందే, లేదు లేదన్న కథ మొత్తం విన్నది. అక్క తలవంచుకుని చెప్పింది, దొంగతనం ఒప్పుకున్నట్టు. ఆవిడ విని మామూలుగా అంది.

"మిషన్ చూసేది తీగలమ్మా. మీ తీగలు బాగున్నాయి. ఫోను మోగుతోంది, లోపల ఎవరూ ఎత్తడం లేదు. మోగిన సంగతి ఇంట్లో ఏదో మూల వినపడుతోంది, అందుకే మీ నోరు సమయానికి లేదు అంది. మీరు అబద్ధం ఆడలేదు. అబద్ధం ఆడేవాళ్ళు అంత శ్రద్ధగా దొరికిపోరు."

"ఎత్తొద్దని నేను ఎవరికీ చెప్పలేదండీ" అంది అక్క.

"తెలుసు."

ఆ 'తెలుసు' విన్నాక అక్క మొహంలో ఏదో మారుతుందని తమ్ముడు చూశాడు. ఏమీ మారలేదు. కాని వచ్చే వారం మళ్ళీ రమ్మంటే వస్తానంది. మిల్లుకు సెలవు పెట్టి మరీ వచ్చింది.

అక్కడ చేయించేవి చిన్నపిల్లల ఆటల్లా ఉండేవి. రెండు చేతులూ ఒకేసారి చల్లటి నీళ్ళలో పెట్టడం. ఎడంచేతిని బ్రష్షుతో రుద్దుతూ కుడిచేతిని చూడటం. కళ్ళు తెరిచి, టవలు అంచు మీద వేలు నడిపించి, ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడం. తెలిసిందా అని ఆవిడ ఎప్పుడూ అడిగేది కాదు. పట్టిపట్టి చూస్తే పారిపోతుంది, పక్కనుంచి రానివ్వండి అనేది. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, మిల్లులో ఎవరితో కూర్చుని తింటున్నారు అని అడిగేది. ఒంటరిగా తింటున్నానని చెబితే, అదీ జబ్బులో భాగమే, ఎవరో ఒకరి పక్కన కూర్చోండి అంది. అక్క మర్నాడు ఎదురుబల్ల వదిన పక్కన కూర్చుంది. వదిన కాస్త జరిగి చోటిచ్చింది, జోకేమీ వేయలేదు. అదే బాధనిపించిందని అక్క చెప్పింది.

ఒకరోజు తమ్ముడు ఉండబట్టలేక తన పుస్తకం సంగతి ఎత్తాడు. పోగు తెగితే పట్టేసే చెయ్యి, అమ్మ ప్రాణం పోతే పట్టలేదు, ఆ చేతికి అదే శిక్ష, అని డాక్టరమ్మ ముందు విప్పి చెప్పాడు. ఇన్నాళ్ళకు తాళంచెవి దొరికిందనుకున్నాడు.

అక్క అతని వైపు తిరిగింది.

"నీకు కథ కావాలి, అంతేగా. ఆ మిల్లు డాక్టరుకేమో నేను దొంగని, నీకేమో అమ్మ కారణం. చెయ్యి నాదిరా. నాకు ఏ కథా తెలియదు. అమ్మని ఇందులోకి లాగకు."

మాటల డాక్టరమ్మ ఎవరి పక్షమూ వహించలేదు. కారణం ఒక్కటే ఉండనక్కర్లేదు, దొరకనూ అక్కర్లేదు, దొరకకపోయినా చెయ్యి తిరిగి రావచ్చు అంది. తమ్ముడు ఆ పుస్తకాన్ని ఇంటికెళ్ళి బియ్యం డబ్బా వెనక పడేశాడు. కొన్నాళ్ళు తీయలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం అతను టీ కాచి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. ఆమె ఏదో ఆలోచిస్తూ కుడిచెయ్యి చాపింది. గ్లాసుకు తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. కాలినప్పుడు అందరూ తీసుకున్నట్టే. ఇద్దరూ గ్లాసునే చూశారు.

"చూశావా?"

"చూశాను."

"చూడలేదనుకో" అని ఎడంచేత్తో గ్లాసు తీసుకుంది.

స్పర్శ అప్పటికే కొన్నాళ్ళుగా వస్తోందని తర్వాత చెప్పింది. ఒక పూట ఉంటుంది, మరో పూట ఉండదు. వచ్చినప్పుడు కూడా దుప్పటి లోంచి తాకినట్టు ఉంటుంది. బల్ల మీద పనికి చాలదు. కమిటీ ముందు మాత్రం చాలా ఎక్కువ. సగం వచ్చిన చేతికి మిల్లు కాగితాల్లో గడి లేదు. వచ్చినట్టా రానట్టా అని అడుగుతారు, వచ్చింది అంటే దొంగ. తమ్ముడు, ఉన్నది ఉన్నట్టు చెబుదాం అక్కా అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే చెప్పానురా అప్పుడు" అంది.

మాటల డాక్టరమ్మ సంతోషించింది. ఇలా వస్తూ పోతూ ఉండటం ఈ జబ్బు తీరు, ఇది నటనకు గుర్తు కాదు, కమిటీకి నేనే వచ్చి నోటితో చెబుతాను, తేదీ చెప్పండి అంది. అక్క తేదీ చెప్పింది. అది అసలు తేదీకి వారం తర్వాతిది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. విన్నాడు. ఎందుకలా చెప్పావని బయటికొచ్చాక అడిగితే, ఆవిడ వచ్చి మనసు, గినసు అంటే వాళ్ళు అక్కడే తీర్పు చెప్పేస్తారు, మన అదృష్టానికి ఆవిడ మంచిది, మంచివాళ్ళు చెడగొడతారు అంది.

కమిటీ గదిలో ముగ్గురు. మధ్యలో తలనెరిసిన పెద్ద డాక్టరు, పక్కన ఆఫీసు మనిషి, ఇంకోపక్క మిల్లు డాక్టరు. తోడు మనిషిగా తమ్ముణ్ణి గోడ పక్క కుర్చీలో కూర్చోనిచ్చారు. వచ్చే దారిలో అక్క రిక్షా కుదుపుకు కుడిచేత్తో కమ్మీ పట్టుకుంది, పట్టుకున్న చేతిని కాసేపు చూసి తీసేసింది. తెలుస్తోందా అని అతను అడగలేదు. అడక్కపోయినా తెలిసింది.

మిల్లు డాక్టరు సూది తీశాడు. అక్క తనంతట తనే గోడవైపు తిరిగింది. సూది వేలికొసలో దిగింది. తమ్ముడు ఆమె మొహం చూడలేకపోయాడు, కిందకి చూశాడు. చెప్పులో ఆమె కాలివేళ్ళు ముడుచుకుని తెల్లబడి ఉన్నాయి. పైన చెయ్యి బల్ల మీద కట్టెలా పడి ఉంది. అరచేతి మధ్య, ఇంకా లోతుగా. చెయ్యి కదల్లేదు. ఊపిరి కూడా మారలేదు. కళ్ళు మూసుకుని చెప్పమన్న పరీక్ష కూడా మళ్ళీ పెట్టారు. ఈసారి అరచెయ్యి తాకినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఎక్కడా తాకనప్పుడు ఒకసారి తడబడి 'లేదు' అంది. నిజంగా తెలియని మనిషి ఎలా తడబడాలో అలాగే.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత స్పష్టంగా ఉంటే పాపం ఈవిడను ఇన్నాళ్ళు ఎందుకు తిప్పారండీ అని మిల్లు డాక్టరును గట్టిగానే అడిగాడు. మిల్లు డాక్టరు సూది పెట్టెలో పెట్టుకున్నాడు. అక్కతో, క్షమించమ్మా, మొదటిసారి పొరబడ్డాను అన్నాడు. అతని గొంతులో నిజాయితీ ఉంది. నిజం చెప్పిన రోజున దొంగని తేల్చినవాడు, ఆమె జీవితంలో మొదటిసారి నటించిన రోజున నమ్మి క్షమాపణ అడిగాడు. తమ్ముడికి నవ్వొచ్చింది, నవ్వలేదు. బయటికొచ్చాక అక్క కొళాయి దగ్గర చేతిమీద నీళ్ళు వదిలి చాలాసేపు నిలబడింది. మంటగా ఉందా అని అడిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి అంది.

గేటు దగ్గర పని ఇచ్చారు. లోపలికి వెళ్ళే బయటివాళ్ళకు ఇత్తడి బిళ్ళ ఇవ్వడం, వచ్చేటప్పుడు తీసుకోవడం. ఎడంచేత్తోనే. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, నిద్రపోయే పిల్లను పెట్టుకున్నట్టు. లేదమ్మ అని పిలిచే నోళ్ళన్నీ పడిపోయాయి. ఎదురుబల్ల వదిన వచ్చి ఏడ్చింది, నా నోట్లో పురుగులు పడ అంది. ఆమె సంచి మోయడానికి మనుషులు పోటీ పడ్డారు. అంతమంది చూస్తుండగా ఆ చెయ్యి దేన్నీ తాకడానికి వీల్లేదు. ఈగ వాలినా ఊరుకోవాలి. ఊరుకునేది. వీధిలోనూ ఊరుకునేది, ఇంట్లో కిటికీ తెరిచి ఉంటే ఇంట్లోనూ ఊరుకునేది. మాటల డాక్టరమ్మ రెండుసార్లు కబురు పంపింది. వెళ్ళలేదు.

తమ్ముడికి వేరే ఊళ్ళో పెద్ద షాపులో పని దొరికింది. వెళ్ళేటప్పుడు, ఇంట్లో తలుపులేసుకునైనా ఆ టవలు అంచు ఆట ఆడుతూ ఉండు అక్కా అని చెప్పాడు. సరే అంది. ఫోన్లో అడిగితే ఆఁ, బాగానే ఉంది అనేది, చెయ్యో ఒంట్లోనో చెప్పేది కాదు.

తర్వాతి ఏడు సెలవు దొరికితే వచ్చి రెండు రోజులు ఉన్నాడు. ఆమె కాస్త లావయింది, టీవీ చూస్తూ బాగానే నవ్వింది. తిరుగు బస్సుకు సాగనంపడానికి స్టాండుదాకా వచ్చింది. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. చుట్టూ తెలిసినవాళ్ళు ఎవరూ లేరని చూసుకుని అతను ఆమె కుడిచెయ్యి తీసుకుని అరచేతి మధ్య బొటనవేలితో నొక్కాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తెలుస్తోందా అని అడిగాడు. ఆమె తన చేతి వంక, వేరేవాళ్ళది చూసినట్టు చూసింది.

"ఇంకొంచెం గట్టిగా నొక్కు" అంది. నొక్కాడు. "ఏమోరా. తెలియట్లేదో, తెలియనట్టు ఉండి ఉండి అదే అలవాటైపోయిందో, నాకే అర్థం కావట్లేదు. ఆ డాక్టరమ్మ దగ్గరికెళ్తే ఏమని చెప్పను? లే, నీ బస్సులా ఉంది, కిటికీ పక్క సీటు పట్టుకో."